గెడ్డల పేర్లు ఫోనుకెక్కించిన పిల్లలు



ఈ వీడియో చూసేముందు ఒక మాట. ఇందులో ఊరి పేరు చెప్పలేదు, ఊరికి వెళ్లే దారి చూపించలేదు. కింద రాయమని అడిగినా రాయను. పాడేరు వైపు, అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఒక కొండ ఊరు అనుకోండి, అంతవరకు చాలు. ఎందుకింత దాపరికం అంటారా, దానికి కారణం నేనే. ముందు ఆ తప్పు సంగతి చెప్పి తర్వాత పిల్లల పని దగ్గరికి వస్తాను.

మా పొలం విజయనగరం వైపు, రెండెకరాల మెట్ట. 2018 నుంచి ప్రకృతి వ్యవసాయం. జీవామృతం, ఘన జీవామృతం, నవధాన్యాలు చల్లడం, మీ అందరూ చేసేదే నేనూ చేస్తున్నాను. చిరుధాన్యాల్లోకి దిగాక నాకు పాత సామ విత్తనం కావాల్సి వచ్చింది. మార్కెట్లో దొరికే సామ అంతా ఒక్కటే రకం. కొండ మీద మాత్రం ముందు కోతకొచ్చే సామ వేరు, ఆలస్యంగా పండే పెద్ద సామ వేరు అని విన్నాను. అలా ఒక సంతలో పరిచయమైన కుర్రాడి వెంట మొదటిసారి ఆ ఊరు వెళ్లాను. భగత, కొండదొర కుటుంబాలు కలిసి నలభై ఇళ్ల లోపు ఉంటాయి. ఆ కుర్రాడి తాత దగ్గర పెద్ద సామ ఉంది. పొయ్యి మీద అటక, అటకకు వేలాడదీసిన ఆనపబుర్ర, బుర్రలో విత్తనం. ఏడాది పొడుగునా పొగ తగులుతూనే ఉంటుంది, పురుగు అన్న మాటే లేదు. మనం డబ్బాల్లో వేపాకు వేసి దాచుకునే విత్తనం కన్నా అది గట్టిగా ఉంది. నోట్లో వేసుకుని కొరికి చూశాను.

తాత విత్తనం ఊరికే ఇచ్చాడు. వచ్చే ఏడాది అంతకు రెట్టింపు తెచ్చివ్వాలి, అదొక్కటే షరతు. తర్వాత రెండు రోజులు నన్ను కొండంతా తిప్పాడు. నేను వీడియో తీశాను. ఒక గట్టు కింద నీడలో గుంపుగా ఉన్న మొక్కలు చూపించి, "ఇది సర్పగంధి బాబూ, పాము కరిసినోళ్లకి మా అయ్య దీని ఏరే నూరీవోడు" అన్నాడు. పాముకాటుకు ఆ వేరును నమ్ముకోకండి, ఆసుపత్రికే వెళ్లాలి. అయితే ఆ వేరులో సత్తా లేదనడానికి కూడా లేదు. అందులోని రెసర్పిన్‌ను 1952లో వేరుచేసి రక్తపోటు మందుగా వాడారు. అందుకే దానికి బయట అంత గిరాకీ.

నేను చేసిందేమిటంటే, ఆ వీడియో పెట్టినప్పుడు లొకేషన్ కూడా జతచేశాను. 'ఆసక్తి ఉన్న రైతులు వెళ్లి చూడవచ్చు' అని కింద గొప్పగా రాశాను కూడా. రెండు నెలల తర్వాత కుర్రాడు ఫోన్ చేశాడు. రెండు ఆటోల్లో ఎవరో వచ్చారట. ఊరివాళ్లంతా సంతకు వెళ్లిన రోజు చూసుకుని, గునపాలతో గట్టు కింద మొక్కలన్నీ తవ్వి పట్టుకుపోయారు. సర్పగంధి వేరు కోతకు రావాలంటే ఏడాదిన్నర పైనే పడుతుంది. అడవిలో తనంతట తను గుంపుగా కుదురుకోవడానికి ఇంకెన్నేళ్లు పడుతుందో. వీడియో వెంటనే తీసేశాను. తీసేస్తే మాత్రం మొక్కలు వెనక్కొస్తాయా?

క్షమించమని అడగడానికి మళ్లీ కొండెక్కాను. తాత తిట్టలేదు. చోడి అంబలి పోయించాడు. "నువ్వు తవ్వినేదు కదా బాబూ" అన్నాడు. నేను కెమెరా బయటకు తీయబోతే మాత్రం లేచి పశువుల దగ్గరికి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఏడాదిన్నర నాతో మాట్లాడాడు, అన్నం పెట్టాడు. కెమెరా ముందుకు మాత్రం రాలేదు.

ఇదీ నేను చేసిన నిర్వాకం. ఇప్పుడు అసలు సంగతికి వద్దాం.

ఆ ఊళ్లో డిగ్రీ చదువుతున్న అమ్మాయి ఒకతె ఉంది, ఆ తాతకి మనవరాలే. నన్ను "మావయ్యా" అంటుంది. ఒకసారి వానాకాలంలో సెలవులకు ఇంటికొచ్చినప్పుడు ఊళ్లో ఒక గొడవ జరిగింది. ముగ్గురు పిల్లలు అడవిలో దుంప తవ్వి, కాల్చుకుని తిన్నారు. అది చేదు దుంప. దాన్ని చక్రాల్లా తరిగి, బుట్టలో వేసి, పారే గెడ్డలో రాత్రంతా నానబెట్టాలి. చేదు నీళ్లలో కలిసిపోయాక ఉడకబెట్టి తినాలి. ఆ పిల్లలకు అది తెలీదు. వాంతులతో పడిపోతే రాత్రికి రాత్రి డోలీ కట్టి కిందికి మోసుకొచ్చారు. ముగ్గురూ బతికారు. దుంపల సంగతి పూర్తిగా తెలిసిన అవ్వ అంతకు ముందు ఏడాదే పోయింది. ఏ దుంప ఏ నెలలో తవ్వాలి, తీగ ఎటు మెలి తిరిగితే ఏ రకం, ఏది ఒక రాత్రి నానాలి, ఏది రెండు రాత్రులు, ఇదంతా ఆవిడతోనే పోయింది. ఆవిడ కోడళ్లకు సగం తెలుసు. మనవలకు ఏమీ తెలీదు. మనవలంతా హాస్టళ్లలో పెరిగారు మరి. ఐదో తరగతి నుంచి హాస్టల్, వేసవిలో మాత్రం ఇల్లు. దుంపలు తవ్వే రోజులకు వాళ్లు ఊళ్లో ఉండరు.

అది పిల్లల తప్పు అనను, చదువు మానేయమనీ అనను. క్యాలెండర్ రెండు చోట్ల రెండు రకాలుగా నడుస్తోంది, అంతే.

ఆ అమ్మాయి కాలేజీలో ఎవరో క్విజిస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్ నేర్పించారట. ఉచితంగా దొరుకుతుంది. "మావయ్యా, తాత ఉన్నప్పుడే కొండంతా ఫోన్లోకి ఎక్కించేద్దామా?" అని నన్ను అడిగింది. నిజం చెప్పాలంటే నాకు భయమేసింది. మ్యాప్ పేరెత్తితేనే సర్పగంధి గుర్తొస్తుంది. ఆ మాటే అన్నాను. "అందుకే మేమే గీస్తాం, మా దగ్గరే ఉంచుకుంటాం" అంది.

నేను కొంచెం చదివి చూశాను. ఇది కొత్త ఆలోచనేమీ కాదు. బ్రెజిల్‌లో రొండోనియా రాష్ట్రంలో పైతెర్ సురుయ్ అనే ఆదివాసీలున్నారు. బయటి ప్రపంచానికి వాళ్లు తెలిసింది 1969లో. ఆ తర్వాత కొద్ది ఏళ్లలోనే జబ్బులతో చాలామంది పోయారు. వాళ్ల నాయకుడు అల్మీర్ సురుయ్ గూగుల్ ఎర్త్‌లో తమ అడవిని చూశాడు. చుట్టూ కొట్టేసిన నేల మధ్యలో పచ్చటి ముక్క. 2007లో గూగుల్ ఆఫీసుకే వెళ్లి, మా అడవిని కాపాడుకోవడానికి, మా కథ మేమే చెప్పుకోవడానికి సాయం చేయండి అని అడిగాడు. తర్వాత వాళ్ల కుర్రాళ్లు ఫోన్లు, జీపీఎస్ పట్టుకోవడం నేర్చుకున్నారు. పెద్దవాళ్లు చెబుతుంటే పాత ఊళ్లు, వేట దారులు, పక్షులు, మందు చెట్లు ఉన్న చోట్లు గుర్తించారు. 2012లో రియో సదస్సు రోజుల్లో ఆ మ్యాప్‌ను లోకానికి చూపించారు.

ఈక్వెడార్‌లో వవోరానీల కథ ఇంకోలా నడిచింది. సర్కారు మ్యాప్‌లో వాళ్ల అడవి చమురు బావులకు కేటాయించిన ఒక నంబరు బ్లాకు మాత్రమే. ఊళ్లలో పెద్దలు, పిల్లలు కలిసి నడిచి, ఇంటర్నెట్ లేకుండా పనిచేసే మాపెయో అనే యాప్‌తో తమ మ్యాప్ తాము గీసుకున్నారు. వాళ్ల మ్యాప్‌లో ఖాళీ జాగా అన్నదే లేదు. ప్రతి వాగుకూ పేరుంది. 2019 ఏప్రిల్ 26న పాస్తాసా కోర్టు వాళ్లవైపు తీర్పిచ్చింది. సుమారు నాలుగున్నర లక్షల ఎకరాల అడవి చమురు వేలం నుంచి బయటపడింది. తీర్పు మ్యాప్ ఒక్కదాని వల్లే వచ్చిందని కాదు. ప్రభుత్వం ముందుగా వాళ్లను సరిగ్గా సంప్రదించలేదన్నది అసలు కేసు. కానీ ఇక్కడ ఎవరూ లేరు అనే మాటకు మ్యాపే జవాబైంది.

ఇవన్నీ తాతకు చెప్పాను. అన్నీ విని, "ఆల్లకీ గెడ్డలున్నాయా?" అని అడిగాడు. ఉన్నాయన్నాను. అలా ఒప్పుకున్నాడు.

మొదటి రోజే చిక్కొచ్చింది. అమ్మాయి పాడేరులో ఉపగ్రహ చిత్రాన్ని పెద్ద ఫ్లెక్సీగా ప్రింటు కొట్టించి తెచ్చింది. రచ్చబండ దగ్గర పరిచి పెద్దవాళ్లందర్నీ పిలిచింది. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. తాత చుట్టూ తిరిగి నాలుగు వైపుల నుంచీ చూశాడు. చివరికి, "ఇది గెద్దకి బాగుంతాది. మనిసి కొండని పక్కనుంచి సూస్తాడు గానీ పైనుంచి సూస్తాడేటి?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనైతే సిగ్గుపడ్డాను. మనం మ్యాప్ అనగానే పైనుంచి చూడటం మామూలే అనుకుంటాం కదా.

అమ్మాయి లాప్‌టాప్‌లో గూగుల్ ఎర్త్ తెరిచి చిత్రాన్ని వాల్చింది. కొండ నిలువుగా లేచింది. ఇంటి ముంగిట్లో నిలబడితే కనిపించే ఆకారం వచ్చేవరకు తిప్పింది. అంతే, తాత వేలు తెర మీదకు వచ్చేసింది. "అదిగో ఏనుగు ఈపు. దాని కింద ఎలుగు సెలమ. అక్కణ్నుంచి ఇలా దిగితే వలిసెల గరువు." వీడియోలో ఈ ముక్క ఉంది, తాత ముఖం కాదు, చేయి మాత్రమే కనిపిస్తుంది. మీ ఊళ్లో ఇలాంటి పని మొదలుపెడితే ఇది గుర్తుంచుకోండి. పెద్దవాళ్లకు కాగితం చూపించకండి. కొండైతే వాల్చి చూపించండి. మైదానమైతే పొలానికే తీసుకెళ్లండి.

తర్వాత నడక. నలుగురు పిల్లలు, ఒక అమ్మాయి, తాత, ఇంకో పెద్దాయన, వీలున్నప్పుడు నేను. ఫోన్ జీపీఎస్‌కు సిగ్నల్ అక్కర్లేదు, డేటా అక్కర్లేదు, ఆకాశం కనిపిస్తే చాలు. ఈ సంగతి చాలామందికి తెలీదు. ఆరుబయట నాలుగైదు మీటర్ల తేడాతో చోటు పట్టేస్తుంది. దట్టమైన చెట్ల కింద పదిహేను, ఇరవై మీటర్లు కూడా తప్పుతుంది. చిన్న చెలమ విషయంలో ఇరవై మీటర్లంటే అవతలి గట్టే. అందుకని ప్రతి చోటా ఫోన్‌ను రాయి మీద పెట్టి రెండు మూడు నిమిషాలు ఆగేవాళ్లు. ఆ ఖాళీలోనే తాత కబుర్లు చెప్పేవాడు. ఒక రకంగా జీపీఎస్ మందకొడితనం మేలే చేసింది. ప్రతి చోటుకూ ఒక ఫోటో, తాత గొంతులో పేరు, పేరు ఎందుకొచ్చిందో, అక్కడ ఏం దొరుకుతుందో, ఏ నెలలో దొరుకుతుందో. రాయడం లేదు, గొంతు రికార్డు చేయడమే. రాస్తే తాత మాట పోయి పుస్తకం మాట వస్తుందని అమ్మాయి పట్టు.

పేర్లలోనే సగం వ్యవసాయం ఉందండి. సామగరువు అనే చోట ఇప్పుడు సిల్వర్ ఓక్ నీడన కాఫీ ఉంది, మిరియాల తీగలున్నాయి. కానీ పేరు చెప్పగానే అది పల్చటి ఎర్రనేల, నీరు నిలవదు, ఒకప్పుడు సామ పండింది అని తెలిసిపోతుంది. గొర్రెమంద మెట్ట అనే చోట వెనకటి రోజుల్లో మందలు కట్టేవారు. ఇవాళ్టికీ అక్కడ చోడి ఎత్తు పెరుగుతుంది. మనం భూసార పరీక్షకు మట్టి పంపి ఎదురుచూస్తాం. వాళ్లు పేరులో పెట్టుకుని తిరుగుతున్నారు.

నాకు బాగా నచ్చింది దొంగ గెడ్డ. వానాకాలం చక్కగా పారుతుంది. మాఘం దాటాక ఒక బండ దగ్గర మాయమైపోతుంది. చూసేవాళ్లు ఎండిపోయింది అనుకుంటారు. కానీ నీరు బండల కిందనుంచి పోయి చాలా దిగువన ఇప్ప చెట్ల దగ్గర మళ్లీ పైకి వస్తుంది. మండు వేసవిలో కూడా అక్కడ చెలమ తీస్తే నీళ్లే. ఇది తెలియక కొన్నేళ్ల క్రితం ఒక కాంట్రాక్టరు అక్టోబరులో వచ్చి, పై బండ దగ్గర నీళ్లు బాగున్నాయని అక్కడే గోడ కట్టి, పైపులేసి, ఊళ్లోకి కుళాయిలిచ్చాడు. మొదటి మార్చిలోనే కుళాయిలు ఎండిపోయాయి. కట్టేటప్పుడు తాత చెప్పాడట. ఎవరు వింటారు? గోడ ఇప్పటికీ ఉంది, మీద మేకలు ఎక్కుతుంటాయి.

పిల్లలు ఈ గెడ్డ మీద ఒక ఏడాది పని చేశారు. నెలకోసారి ఒకే చోట నిలబడి ఒకే వైపు ఫోటో, ఒక లీటరు సీసా నిండడానికి ఎన్ని సెకన్లు పట్టిందో లెక్క. పన్నెండు ఫోటోలు వరసగా పేర్చి గ్రామసభలో చూపించారు. తాత నోటితో చెప్పినప్పుడు తల ఊపి వెళ్లిపోయినవాళ్లు, అదే మాట ఫోటోలతో చూపిస్తే కూర్చుని విన్నారు. నాకది సంతోషమూ వేసింది, కోపమూ వచ్చింది. ఇప్పుడు కొత్త పైపులైను దిగువ ఇప్ప చెట్ల దగ్గరి నుంచి వేయాలని తీర్మానం రాశారు. పని ఇంకా మొదలవలేదు.

ఊటలు అయ్యాక కాలం గుర్తులు మొదలుపెట్టారు. పెద్ద సామ ఎప్పుడు చల్లాలో తాత తారీఖు చూసి చెప్పడు. ఒక చెట్టు చిగురు, చీమలు గుడ్లు మోసుకుపోయే తీరు, ఒక పక్షి కూత, ఈ మూడూ కలవాలి. పిల్లలు ఆ చెట్టునే ఒక పాయింటుగా పెట్టారు. జాతి కాదు, ఫలానా గట్టు మీద ఫలానా చెట్టు. ఏటా అదే చెట్టు ఫోటో. కొన్నేళ్లు పోతే చిగురు ముందుకు జరిగిందా వెనక్కి జరిగిందా తెలుస్తుంది. నేనూ మా పొలంలో గట్టు మీది వేప చెట్టుతో ఇదే మొదలుపెట్టాను. పూత, చిగురు, తొలకరి, మూడు ఫోటోలు. మీరూ పెట్టండి, ఖర్చేమీ లేదు.

పోడులో కలిపి చల్లే పంటలకు మాత్రం మ్యాప్ చేతులెత్తేసింది. సామ, చోడి, కంది, జొన్న, బొబ్బర్లు, గుమ్మడి అన్నీ ఒకే చెక్కలో ఉంటే అమ్మాయి సాఫ్ట్‌వేర్ 'పంట పేరు?' అని ఒక్క గడి ఇస్తుంది. ఏం రాయాలి? మన నవధాన్యాల పొలానికీ ఇదే తంటా, రికార్డులో ఒక్క పంటే రాయమంటారు. చివరికి ఆ గడిలో 'తాత గొంతు వినండి' అని రాసి, కింద రికార్డింగు పెట్టింది.

ఇక సరిహద్దు గొడవ. పిల్లలు ఉత్సాహంగా ఊరి చుట్టూ గీత గీయబోయారు. తాత ఒప్పుకోలేదు. "గెడ్డకవతలోల్లు మా ఇయ్యాలోరు. ఆల్ల పసులు ఇటు మేస్తాయి, మాయి అటు మేస్తాయి. గీత గీసినావంటే రేపు ఆ గీతే మా మద్దిన గోడైపోద్ది." నాకు ఈ ఆలోచనే రాలేదు. మనకు మ్యాప్ అంటేనే హద్దులు. అటవీ హక్కుల చట్టం కింద సామూహిక హక్కులకు దరఖాస్తు పెట్టాలంటే ఎక్కడో ఒక చోట హద్దు చెప్పాలి, అది నిజమే. దానికి పక్క ఊరి పెద్దల్ని పిలిచి, కలిసి నడిచి, అవతల ఇవతల ఎవరెవరు ఏం వాడుకుంటారో రాసి, అప్పుడే చెప్పాలని నిర్ణయించారు. అందాకా పిల్లల మ్యాప్‌లో చుక్కలే ఉంటాయి, గీతలుండవు.

చట్టం ప్రస్తావన వచ్చింది కాబట్టి రైతులకు పనికొచ్చే రెండు ముక్కలు. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(1)(కె) ప్రకారం జీవవైవిధ్యానికి సంబంధించిన సంప్రదాయ జ్ఞానం మీద ఆ సమూహానికే హక్కుంది. అంటే తాతకు తెలిసిన సంగతి ఊరి ఆస్తి. నేను వీడియోలో పెట్టేసినంత మాత్రాన అందరిదీ అయిపోదు. రెండోది, 2012లో సవరించిన నియమాలు ఉపగ్రహ చిత్రాలు మిగతా సాక్ష్యాలకు తోడు మాత్రమే, వాటికి బదులు కాదు అని స్పష్టంగా చెబుతున్నాయి. పెద్దల వాంగ్మూలం రాసి ఇస్తే అదీ సాక్ష్యమే. కాబట్టి ఎవరైనా 'ఉపగ్రహంలో కనపడలేదు, కుదరదు' అంటే ఈ మాట గుర్తుచేయండి. వానాకాలం నాలుగు నెలలు ఆ కొండల మీద మబ్బే కదా, ఉపగ్రహానికి ఏం కనిపిస్తుంది?

అందరూ అడిగే ప్రశ్న, ఈ మ్యాప్ ఎక్కడుంది? ఇంటర్నెట్‌లో లేదు. ఊళ్లో ఒక ఫోన్లో, ఒక మెమరీ కార్డులో, అమ్మాయి లాప్‌టాప్‌లో ఉంది. మెమరీ కార్డు తాత ఇంట్లో విత్తనాల బుర్ర పక్కనే ఉంటుంది. పొగకు పాడవుతుందని నేనన్నాను. డబ్బాలో పెట్టి మూత బిగించారు. అందులో మూడు రకాల చోట్లున్నాయి. అందరికీ చూపించేవి: ఊటలు, పాత గరువులు, రాళ్ల పేర్లు. ఊరివాళ్లకు మాత్రమే: దుంపలు, తేనెపట్లు, అడ్డాకుల చోట్లు. మూడోది, మ్యాప్‌లో పెట్టనివి: కొండ దేవత చోటు, మందు మొక్కలు. ఏది ఎందులోకి వెళ్తుందో పెద్దవాళ్లు చెబుతారు, పిల్లలు పాటిస్తారు. టెర్రాస్టోరీస్ అని ఇలాంటి పనికే చేసిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఒకటుంది. సూరినామ్‌లో మాతవై అనే జనం పెద్దల కథలు అందులో పెట్టుకున్నారు. ఇంటర్నెట్ లేకపోయినా నడుస్తుంది, ఏ కథ ఎవరు వినాలో సమూహమే తాళం వేసుకోవచ్చు. అమ్మాయి ఇప్పుడు అది నేర్చుకుంటోంది.

వీడియోలు తీసే తోటి రైతులకు నా అనుభవంతో చెబుతున్నాను. కెమెరా సెట్టింగుల్లో లొకేషన్ ఆపేయండి. లేకపోతే ప్రతి ఫోటోలోనూ చోటు దాక్కుని ఉంటుంది. వాట్సాప్‌లో మామూలుగా పంపితే అది పోతుంది, డాక్యుమెంటుగా పంపితే అలాగే వెళ్తుంది. మ్యాప్ లింకు పంపేటప్పుడు 'లింకు ఉన్న ఎవరైనా' అని ఉందేమో చూసుకోండి. అరుదైన విత్తనం, మందు మొక్క, తేనె, ఈ మూడింటి దగ్గర వెనకాల కొండ ఆకారం కూడా ఫ్రేములోకి రానివ్వకండి. ఆకారం చూసి పోల్చుకునేవాళ్లున్నారు.

ఫోను వల్ల ఇంకో నష్టం కూడా ఉంది. రెండో నెలకే పిల్లలు దారి చూడకుండా తెర చూస్తూ నడవడం మొదలుపెట్టారు. తాత కనిపెట్టేశాడు. అప్పట్నుంచీ ఒక పద్ధతి పెట్టాడు. ఏ చోటుకైనా మొదటిసారి ఫోన్‌తో, రెండోసారి ఫోన్ లేకుండా వెళ్లాలి. రెండోసారి పిల్లలే ముందు నడవాలి, తాత వెనక వస్తాడు, దారి తప్పినా మాట్లాడడు. ఒక కుర్రాడు ఎలుగు చెలమకని బయల్దేరి మధ్యాహ్నానికి వలిసెల గరువులో తేలాడు. తాత నవ్వుకుంటూ వెనకే వచ్చాడు. అంబలి బుర్ర ఆ కుర్రాడి చేతే మోయించాడు.

దుంపలు తిని పడిపోయిన ముగ్గురిలో ఒకడికిప్పుడు పద్నాలుగేళ్లు. మొన్న వానాకాలం సెలవులకొచ్చి, వాడే ఒక చేదు దుంప తవ్వి, తరిగి, గెడ్డలో నానబెట్టి, ఉడికించి అందరికీ పెట్టాడు. వీడియో చివర్లో ఉన్నది అదే. చనిపోయిన అవ్వ కోడలు పక్కన కూర్చుని, ముందు తను తిని చూసి, తర్వాతే మిగతావాళ్లను తినమంది. నేనూ తిన్నాను. రుచి ఏమంత గొప్పగా లేదండి, ఉప్పు తక్కువైన కర్రపెండలంలా ఉంది.

ఈ వేసవిలో తాతకు మోకాళ్లు పట్టేశాయి, కొండెక్కలేకపోతున్నాడు. ఇంటి అరుగు మీద కూర్చుని లాప్‌టాప్‌లో కొండను తిప్పించుకుంటూ మిగిలిన పేర్లు చెబుతున్నాడు. నేను రెట్టింపు పెద్ద సామ తీసుకెళ్లి ఇచ్చాను. మా మెట్టలో పండింది, గింజ కొంచెం సన్నబడింది. తాత అరచేతిలో వేసుకుని ఊది చూసి, "నీ నేల సల్లగా నేదు బాబూ" అన్నాడు. ఆచ్ఛాదన పెంచాలని నాకు నేను చెప్పుకున్నాను.

దిగి వచ్చేముందు అమ్మాయి నాతో ఒక సంగతి చెప్పింది. మోకాళ్లు పట్టకముందు ఒక తెల్లవారుజామున తాత తనొక్కదాన్నే లేపాడట. ఫోన్ ఇంట్లో పెట్టి రమ్మన్నాడు. గట్టు కింద చోటు కాదు, ఇంకో చోటు. అక్కడా సర్పగంధి ఉంది. గింజలు తెచ్చి తను అప్పుడప్పుడు చల్లుతున్నాడట, ఆటోలవాళ్లు వచ్చి వెళ్లినప్పట్నుంచీ. ఎక్కడని నేను అడగలేదు. ఎన్ని మొక్కలు నిలిచాయని మాత్రం అడిగాను.

ఏడు అంది.